తేదీ, సమయాలను ఇంటీజర్‌గా రాసుకోవడం: 20240229 తరహా నంబర్లతో వచ్చే చిక్కులు

లాగ్‌పురుగు (ప్రశ్న)

పైథాన్ స్క్రిప్టు ఒకటి లాగ్ ఫైలు చదివి డేటాబేసులోకి ఎక్కిస్తోంది. తేదీ ఒక ఇంటీజర్ కాలమ్‌లో 20240229 లాగా, సమయం ఇంకో ఇంటీజర్ కాలమ్‌లో 134507 లాగా పడాలి. అవతలి సిస్టమ్ ఈ రెండు కాలమ్‌లనే అడుగుతోంది, మార్చడానికి లేదు.

స్ట్రింగ్‌గా ఫార్మాట్ చేసి దాన్ని ఇంటీజర్‌గా మార్చడం మేలా, నేరుగా గుణించి కూడటం మేలా? అర్ధరాత్రి దాటిన రికార్డుల్లో సమయం 509 అని మూడంకెలే కనిపిస్తోంది, అది తప్పేనా? రెండు కాలమ్‌లనూ కలిపి నా దగ్గర ఒకే నంబరుగా పెట్టుకుంటే ఇబ్బంది ఏమైనా ఉందా?

పాయింటర్‌పంతులు

509 తప్పు కాదు. 00:05:09 ని అతికిస్తే 000509 వస్తుంది. ఇంటీజర్‌కు ముందు సున్నాలు నిలవవు కాబట్టి 509 మిగిలింది. విలువ సరైనదే, దాన్ని చూపించే తీరే లోపం. ఫైల్లోకి రాసేటప్పుడు ఆరంకెల వెడల్పుకు సున్నాలు నింపండి. సీ భాషలో ప్రింట్‌ఎఫ్‌కు పర్సెంట్ గుర్తు, 06, డీ ఇస్తారు. పైథాన్ ఎఫ్-స్ట్రింగ్‌లో అయితే కోలన్, 06, డీ.

మళ్లీ విడదీసేటప్పుడు స్ట్రింగ్‌ను ముక్కలు కోయకండి, భాగహారం చేయండి:

గంట = స // 10000
నిమిషం = స // 100 % 100
సెకను = స % 100

509 ఇస్తే 0, 5, 9 వస్తాయి. మొదటి రెండక్షరాలు కోశారో, గంట 50 అయి కూర్చుంటుంది.

ఇంకో సంగతి. కోడ్‌లో 000507 అని చేత్తో రాయకండి. సీ, జావాల్లో సున్నాతో మొదలైన నంబరు ఆక్టల్ (0 నుంచి 7 దాకా అంకెలతోనే రాసే పద్ధతి) కింద లెక్క, కాబట్టి అది 327 అవుతుంది, కంపైలర్ నోరు మెదపదు. 000509 అని రాస్తే మాత్రం ఆక్టల్‌లో 9 ఉండదు కాబట్టి ఎర్రర్ వస్తుంది. అంటే టెస్టులో ఏ సమయం ఎంచుకున్నారన్న దాన్ని బట్టి తప్పు బయటపడటమో దాక్కోవడమో జరుగుతుంది. పైథాన్ 3 అయితే రెండింటినీ సింటాక్స్ ఎర్రర్‌గా తిప్పికొడుతుంది.

సున్నాసున్నా

మొదటి ప్రశ్నకు నా ఓటు లెక్కకే:

తేదీ_నం = సంవత్సరం * 10000 + నెల * 100 + రోజు
సమయం_నం = గంట * 10000 + నిమిషం * 100 + సెకను

వేగం సంగతి అలా ఉంచండి, అసలు లాభం ఫార్మాట్ అక్షరాలతో పని లేకపోవడం. ఈ విషయంలో వచ్చే తప్పుల్లో చాలా అక్కడే పుడతాయి. పైథాన్, సీ ల స్ట్రఫ్‌టైమ్‌లో (తేదీని స్ట్రింగ్‌గా మార్చే ఫంక్షన్) చిన్న ఎం నెల, పెద్ద ఎం నిమిషం. జావా, డాట్‌నెట్‌లలో సరిగ్గా తిరగేసి ఉంటుంది: పెద్ద ఎం నెల, చిన్న ఎం నిమిషం. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్‌ల టు_చార్‌లో ఎంఎం ఏ కేసులో రాసినా నెలే, నిమిషానికి ఎంఐ అని రాయాలి. భాష మారినప్పుడు వేళ్లు పాత అలవాటు కొద్దీ టైప్ చేసేస్తాయి. ఫలితం ఎనిమిదంకెలే ఉంటుంది, చూడటానికి తేదీలాగే ఉంటుంది. నిమిషం 12 లోపు ఉన్నంతసేపు ఎవరికీ అనుమానం రాదు.

జావాలో దీన్ని మించినది పెద్ద వై. చిన్న వై నాలుగు సార్లు రాస్తే మామూలు సంవత్సరం, పెద్ద వై రాస్తే వారాల లెక్క ప్రకారం నడిచే సంవత్సరం. ఐఎస్‌ఓ వారాల్లో 2024 డిసెంబర్ 30 సోమవారం 2025 మొదటి వారంలోకి వెళ్తుంది. కాబట్టి 20241230 రావాల్సిన చోట 20251230 వస్తుంది. ఏడాదిలో 51 వారాలు బాగా నడిచి చివర్లో తన్నే బగ్ ఇది. టెస్టుల్లో డిసెంబర్ 29, 30, 31, జనవరి 1, 2, 3 తేదీలు ఉంటే తప్ప దొరకదు. పెద్ద డీ కూడా అంతే, అది ఏడాదిలో ఎన్నో రోజు అన్నది.

జావాలో ఉత్త తేదీకైతే మీరు ప్యాటర్న్ రాయనే అక్కర్లేదు, డేట్‌టైమ్‌ఫార్మాటర్‌లో బేసిక్_ఐఎస్‌ఓ_డేట్ సిద్ధంగా ఉంది.

గోఫర్‌బాబాయ్

గో భాషలో అక్షరాల గోలే లేదు, నమూనా తేదీయే ప్యాటర్న్: 20060102150405. అక్కడా ఒక గొయ్యి ఉంది. మిల్లీసెకన్ల కోసం చివర 000 తగిలిస్తే అవి మిల్లీసెకన్లుగా మారవు, 000 అనే అచ్చవుతాయి. భిన్నం ముందు చుక్క గానీ కామా గానీ ఉంటేనే గో దాన్ని భిన్నంగా గుర్తిస్తుంది. కాబట్టి చుక్కతో ఫార్మాట్ చేసి తర్వాత చుక్క తీసేయాలి, లేదా నానోసెకన్లను పది లక్షలతో భాగించి లెక్కలో కలపాలి. లెక్క పద్ధతిలో వెళ్లేవాళ్లు నెలను ముందు ఇంట్‌గా మార్చుకోవాలి. గోలో నెలకు వేరే టైప్ ఉంది, నేరుగా ఇంట్‌తో కలపనివ్వదు.

కొలతలరాయుడు

మూడో ప్రశ్నకు, అంటే రెండూ కలిపి ఒకే నంబరుగా పెట్టుకోవడానికి.

తేదీ ఒక్కటే అయితే 32 బిట్లు చాలు. 99991231 కూడా పది కోట్ల లోపే, సైన్డ్ (రుణ సంఖ్యలూ పట్టే) 32 బిట్ల గరిష్ఠం 2147483647. తేదీ, సమయం కలిపితే 14 అంకెలు, 64 బిట్లు కావాలి. మిల్లీసెకన్లు కలిపితే 17 అంకెలు, అవీ పడతాయి. మైక్రోసెకన్ల దాకా వెళ్తే 20 అంకెలవుతాయి. ఇప్పటి సంవత్సరాలతో అది 64 బిట్లలో అన్‌సైన్డ్‌గా కూడా పట్టదు.

పైథాన్‌లో ఇంటీజర్‌కు హద్దు లేదు కాబట్టి స్క్రిప్టులో ఏమీ తెలియదు, డేటాబేస్ కాలమ్ దగ్గర తెలుస్తుంది. సీ, జావాల్లో ఇంకోటి చూసుకోవాలి. తేదీని ముందు ఇంట్‌లో కట్టి, దాన్నే 1000000 తో గుణించి లాంగ్ చరరాశిలో పెడితే గుణకారం ఇంట్‌లోనే జరిగి పొంగిపోతుంది. పెట్టిన గిన్నె పెద్దదైనా లాభం లేదు, అప్పటికే ఒలికిపోయింది. గుణించే ముందే 64 బిట్లకు మార్చండి. పాండాస్ 2 లో (పైథాన్‌లో పట్టికల డేటాకు వాడే లైబ్రరీ) కూడా ఈ జాగ్రత్త కావాలి. తేదీ కాలమ్ నుంచి తీసిన సంవత్సరం, నెల, రోజు 32 బిట్లలో వస్తాయి.

బ్రౌజర్‌బాధితుడు

17 అంకెలు 64 బిట్లలో పడతాయన్నది నిజమే, జావాస్క్రిప్ట్ దాకా వెళ్లనంతసేపు. అక్కడ మామూలు నంబరు డబులే, అంటే దశాంశాలకు వాడే 64 బిట్ల రకం. కచ్చితంగా పట్టే గరిష్ఠం 9007199254740991, అంటే 16 అంకెలు. ఇప్పటి 17 అంకెల నంబర్లు ఉండే చోట డబుల్‌లో పక్కపక్క విలువల మధ్య ఎడం 4. 20240229134507123 ఇస్తే 20240229134507124 అవుతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, మిల్లీసెకన్లన్నీ నాలుగు గుణిజాలుగా మారిపోతాయి. జేసన్‌లో నంబరుగా పంపినా ఇదే గతి. స్ట్రింగ్‌గా పంపండి, లేదా 14 అంకెల దగ్గర ఆగండి.

అక్కడే ఉన్న మిగతా రెండూ చెప్పేస్తాను. గెట్‌మంత్ 0 నుంచి మొదలవుతుంది, ఒకటి కలపాలి. గెట్‌డే ఇచ్చేది వారంలో రోజు, నెలలో రోజు కావాలంటే గెట్‌డేట్. సీ లో కూడా టీఎం స్ట్రక్చర్‌లో నెల 0 నుంచే, సంవత్సరం 1900 తీసేసి ఉంటుంది. ఆ రెండూ కలపకపోతే 20240229 బదులు 1240129 వస్తుంది.

క్వెరీకారుడు

డేటాబేస్ వైపు నుంచి ఒక అభ్యంతరం. అవతలి సిస్టమ్ అడిగింది కాబట్టి మీకు తప్పదు, సరే. ఈ దారం చదివి కొత్త టేబుల్‌లో తేదీని ఇంటీజర్‌గా పెట్టాలనుకునేవాళ్లు ఆగి ఆలోచించండి. స్థలం మిగులుతుందన్న వాదన నిలవదు. ఇంట్ 4 బైట్లు. డేట్ టైప్ మైఎస్‌క్యూఎల్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 3 బైట్లు, పోస్ట్‌గ్రెస్‌లో 4.

లెక్కలు కుదరవు. 20240301 లోంచి 20240229 తీసేస్తే 72, నిజానికి ఒక్క రోజు. మైఎస్‌క్యూఎల్‌లో అసలు డేట్ కాలమ్‌ల మధ్యే మైనస్ గుర్తు పెట్టినా ఈ 72 వస్తుంది. అంకగణితం అడిగితే అది తేదీని ఇలాంటి ఇంటీజర్‌గానే మార్చేస్తుంది. డేట్‌డిఫ్ వాడాలి. అదే గుణాన్ని మంచికీ వాడుకోవచ్చు: నౌ ఫంక్షన్‌కు 0 కలిపితే 14 అంకెల ఇంటీజర్ చేతికొస్తుంది.

ఆప్టిమైజర్ (క్వెరీని ఏ దారిలో నడపాలో తేల్చే డేటాబేస్ భాగం) కూడా దారి తప్పుతుంది. 20241231 నుంచి 20250101 దాకా దానికి కనిపించే దూరం 8870. ఆ మధ్యలో వేల విలువలు ఉండొచ్చని అంచనా కట్టి, ఇండెక్స్ వాడాల్సిన చోట టేబుల్ మొత్తం చదవొచ్చు. డేట్ టైప్‌లో అయితే ఆ దూరం ఒకటే అని దానికి తెలుసు.

చివరగా, 20230229 ని ఇంటీజర్ కాలమ్ ఆనందంగా పుచ్చుకుంటుంది. 20241345 ని కూడా.

గోదాంమేస్త్రి

క్వెరీకారుడు గారూ, మీరన్నది లావాదేవీల టేబుళ్లకు ఒప్పుకుంటాను. డేటా వేర్‌హౌస్‌లో (విశ్లేషణ కోసం డేటా పోగుచేసే చోట) తేదీ డైమెన్షన్ (తేదీల వివరాల టేబుల్) కీగా 20240229 పెట్టడం మాత్రం ఊరికే వచ్చిన అలవాటు కాదు. ఫ్యాక్ట్ టేబుల్ (అసలు లావాదేవీల వరుసలుండేది) చూడగానే ఏ రోజో తెలుస్తుంది, పార్టిషన్ (టేబుల్‌ను విడగొట్టిన ముక్క) హద్దులు చదవడానికి వీలుగా ఉంటాయి, తేదీ తెలియని వరుసలకు 0 గానీ 99991231 గానీ పెట్టుకోవచ్చు. అక్కడ ఎవరూ కీ లోంచి కీ తీసేయరు, రోజుల లెక్క కావాలంటే డైమెన్షన్‌లో వేరే కాలమ్ ఉంటుంది.

వడపోతకు ఒక్క మాట. ఫిబ్రవరి మొత్తం కావాలంటే కాలమ్‌ను 100 తో భాగించి 202402 తో పోల్చకండి, ఇండెక్స్ పనికిరాకుండా పోతుంది. 20240201 కి సమానం లేదా ఎక్కువ, 20240301 కంటే తక్కువ అని రాయండి.

నెల కీలు (202412) వాడేవాళ్లు ఒకటి కలిపి 202413 తెచ్చుకుంటుంటారు. దానికి మార్గం:

క్ర = సంవత్సరం * 12 + నెల - 1

2024 డిసెంబర్‌కు 24299. ఒకటి కలిపితే 24300, 12 తో భాగిస్తే 2025, శేషం 0, దానికి ఒకటి కలిపితే జనవరి. ఎన్ని నెలలు ముందుకైనా వెనక్కైనా ఇదే.

క్వెరీకారుడు

డైమెన్షన్ కీ వరకు ఒప్పుకున్నాను. 99991231 తో మాత్రం జాగ్రత్త, గరిష్ఠ తేదీ అడిగిన ప్రతి రిపోర్టులోనూ అదే వచ్చి కూర్చుంటుంది.

యూటీసీవాది

ఇంతమంది మాట్లాడారు, ఏ టైమ్ జోన్ గడియారమో ఎవరూ అడగలేదు! 20240229 అన్న నంబరులో జోన్ సమాచారం లేదు. జావాస్క్రిప్ట్‌లో టుఐఎస్‌ఓస్ట్రింగ్ తీసుకుని అడ్డగీతలు తొలగించి ఇంటీజర్ చేసే చిట్కా అందరూ వాడేదే. అది ఇచ్చేది ఎప్పుడూ యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) తేదీ. యూటీసీకి ఐదున్నర గంటలు ముందున్న చోట, అర్ధరాత్రి నుంచి ఉదయం 5:29 దాకా నిన్నటి తేదీ వస్తుంది. పగలు టెస్ట్ చేస్తే అంతా బాగానే కనిపిస్తుంది.

స్థానిక సమయం రాసే చోట వేసవి గడియారం మార్పు ఉంటే ఇంకో తలనొప్పి. గడియారం గంట వెనక్కి జరిపిన రాత్రి 015959 తర్వాత మళ్లీ 010000 వస్తుంది. క్రమం తప్పుతుంది, 013000 రెండుసార్లు వస్తుంది. అది యూనిక్ కీ అయితే రెండో వరుస ఎక్కదు. యూటీసీలో రాయండి. స్థానిక తేదీయే కావాలంటే పక్కన ఆఫ్‌సెట్ నిమిషాల్లో ఇంకో చిన్న కాలమ్ పెట్టండి.

లాగ్‌పురుగు గారూ, మీ రెండు కాలమ్‌లకు ప్రత్యేకంగా ఒకటి: ఇప్పుడు ఎంతైందో ఒక్కసారే అడగండి. తేదీకి ఒకసారి, సమయానికి ఇంకోసారి నౌ పిలిస్తే, మధ్యలో అర్ధరాత్రి దాటినప్పుడు 20240229 పక్కన 000000 పడుతుంది. అసలు క్షణం కంటే దాదాపు ఒక రోజు వెనక్కి.

లాగ్‌పురుగు

లాగ్‌లో సమయం యూటీసీలోనే ఉంది, ఒకే స్ట్రింగ్‌గా వస్తుంది కాబట్టి రెండుసార్లు పిలిచే సమస్య లేదు. కలిపిన నంబరుకు 14 అంకెలు కాకుండా 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు వాడితే మేలా? ఇంకోటి, పాండాస్‌లో కొన్ని వరుసలకు తేదీ లేదు. ఆ కాలమ్ మొత్తం 20240229.0 అని దశాంశంతో వస్తోంది.

సున్నాసున్నా

దశాంశం ఎందుకంటే, లేని విలువకు పాండాస్ నాన్ ("సంఖ్య కాదు" అనే గుర్తు) పెడుతుంది. నాన్ ఫ్లోట్‌లోనే (దశాంశ సంఖ్యల టైప్) ఉంటుంది కాబట్టి కాలమ్ మొత్తం ఫ్లోట్ అవుతుంది. ఖాళీలను పుచ్చుకునే ఇంటీజర్ టైప్ వేరే ఉంది, పేరు పెద్ద ఐ తో మొదలయ్యే ఇంట్64. దానికి మార్చండి.

వెనక్కి చదివేటప్పుడు ఇంకా జాగ్రత్త. పాండాస్ టు_డేట్‌టైమ్‌కు 20240229 అనే ఇంటీజర్ ఇచ్చి ఫార్మాట్ చెప్పకపోతే, దాన్ని 1970 నుంచి నానోసెకన్లు అనుకుని 1970 జనవరి 1, అర్ధరాత్రి దాటాక 0.020240229 సెకన్లు అంటుంది. జావాస్క్రిప్ట్ డేట్‌కు ఇస్తే మిల్లీసెకన్లు అనుకుని అదే రోజు యూటీసీ 05:37:20.229 అంటుంది. సెకన్లు అనుకునే ఫంక్షన్‌కు ఇస్తే 1970 ఆగస్టు 23, 06:17:09. రిపోర్టులో 1970 కనిపించిందంటే చాలావరకు ఇదే కారణం.

కొలతలరాయుడు

14 అంకెలా, సెకన్లా అన్నదానికి. ఈ రెండూ వేర్వేరు జాతులు. ఒకటి అంకెలను అతికించిన రాత, రెండోది లెక్కపెట్టిన సంఖ్య. 2024 ఫిబ్రవరి 29, 13:45:07 యూటీసీ అతికిస్తే 20240229134507, సెకన్లలో 1709214307. క్రమంలో పేర్చడానికి రెండూ పనికొస్తాయి. తీసివేతకు, సగటుకు, పదిహేను నిమిషాల గుంపులు కట్టడానికి రెండోదే. మనిషి కంటితో చదవడానికి, ఫైలు పేర్లకు, పార్టిషన్లకు మొదటిది.

రోజుల వరకే చాలంటే 1970 నుంచి రోజులు లెక్కపెట్టండి, ఆ తేదీకి 19782. ఎక్సెల్ సీరియల్‌లో అదే రోజు 45351. రెండింటికీ తేడా 25569. ఎక్సెల్ లెక్కలో లేని 1900 ఫిబ్రవరి 29 కూడా ఒక రోజుగా చేరి ఉంది కాబట్టి, ఆ సంవత్సరం మొదటి రెండు నెలలకు ఈ తేడా వర్తించదు.

సెకన్లు ఎంచుకుంటే కాలమ్ 64 బిట్లు పెట్టండి. సైన్డ్ 32 బిట్లు 2038 జనవరి 19, 03:14:07 యూటీసీకి నిండిపోతాయి. కాలమ్ పేరులోనే ప్రమాణం రాయండి, "_సెకన్లు", "_మిల్లీ" అని. ఇప్పటి విలువల్లో సెకన్లకు 10 అంకెలు, మిల్లీసెకన్లకు 13, అతికించిన తేదీకి 8, సమయంతో కలిపితే 14. తెలియని ఫీడ్ వచ్చినప్పుడు అంకెలు లెక్కపెట్టడమే మొదటి పరీక్ష.

వెర్షన్‌వెంకట్

అతికించిన నంబర్లను వెర్షన్‌గా వాడేవాళ్లకు రెండు మాటలు. సంవత్సరానికి రెండంకెలే పెట్టి నెల, రోజు, గంట, నిమిషం కలిపితే పదంకెలు. 2021 చివరి నిమిషం 2112312359, 32 బిట్లలో పడుతుంది. 2022 మొదటిది 2201010000, పట్టదు. 2022 జనవరి 1న మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్ సర్వర్ 2016, 2019 లలో మెయిళ్లు క్యూలో ఆగిపోవడానికి కారణం ఇదే. మాల్వేర్ స్కానర్ సిగ్నేచర్ వెర్షన్ 2201010001 ని 32 బిట్ల ఇంటీజర్‌గా మార్చబోయి పడిపోయింది. సవరణలో ఇచ్చిన వెర్షన్ 2112330001. అవును, డిసెంబర్ 33!

గూగుల్ ప్లేలో ఆండ్రాయిడ్ వెర్షన్ కోడ్ గరిష్ఠం 2100000000. అదే రెండంకెల పద్ధతి అక్కడ ఇంకో ఏడాది ముందే, 2021 మొదటి నిమిషానికే హద్దు దాటింది. నాలుగంకెల సంవత్సరం, నెల, రోజు, ఆ రోజు బిల్డుకు రెండంకెలు పెడితే 2099 చివరి దాకా నడుస్తుంది. ఒకసారి పెద్ద నంబరు ఎక్కించాక కిందికి దిగనివ్వరు, కాబట్టి మొదట్లోనే ఎంచుకోవాలి.

జోన్‌ఫైలు

డీఎన్‌ఎస్ (వెబ్ పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే వ్యవస్థ) సీరియల్‌లో మాత్రం దిగొచ్చు. అక్కడ కూడా రివాజు ఇదే, తేదీ ఎనిమిదంకెలు, ఆపైన రెండంకెల వరుస సంఖ్య. 2024022901 బదులు 2042022901 అని టైప్ చేసి ప్రచురిస్తే, ఆ తర్వాత సరైన సీరియల్ పెట్టినా సెకండరీలు (నకలు ఉంచుకునే సర్వర్లు) పట్టించుకోవు, వాటికది పాతది. ఆ సీరియల్ అన్‌సైన్డ్ 32 బిట్లు, పోలిక వలయంలా తిరుగుతుంది. తప్పు నంబరుకు 2147483647 కలపండి, 4189506548 వస్తుంది. దాన్ని ప్రచురించి సెకండరీలన్నీ తీసుకున్నాయని చూసుకున్నాక 2024022902 పెట్టండి. వలయంలో అది ముందున్నట్టే లెక్క. మధ్యలో ఒక్క సెకండరీ అందుకోకపోయినా అది పాత డొమైన్ రికార్డులతోనే ఇరుక్కుంటుంది, తొందరపడకండి.

షార్ప్‌సుందరం

డాట్‌నెట్ వాళ్లకు చిన్నది. టుస్ట్రింగ్‌కు కల్చర్ (భాష, ప్రాంతం సెట్టింగ్) ఇవ్వకపోతే మెషిన్ సెట్టింగ్ క్యాలెండరే వాడుతుంది. థాయ్ కల్చర్‌లో 2024 కాస్తా 2567 అవుతుంది. ఇన్వేరియంట్ కల్చర్ ఇవ్వండి. గంటకు పెద్ద హెచ్ రెండుసార్లు. చిన్న హెచ్ పన్నెండు గంటల గడియారం, 13:45 ని 0145 చేస్తుంది.

లాగ్‌పురుగు

అవతలికి లెక్క పద్ధతిలో రెండు కాలమ్‌లు, నా దగ్గర 64 బిట్ల సెకన్లు పెడుతున్నాను. చివరిది: లాగ్‌లో అక్కడక్కడా సమయం 240000 అని, ఒకచోట 235960 అని ఉంది. పైథాన్ డేట్‌టైమ్ రెండింటికీ వాల్యూఎర్రర్ ఇస్తోంది.

పాయింటర్‌పంతులు

240000 అంటే ఆ రోజు ముగింపు, మరుసటి రోజు 000000 తో సమానం. గంట 24, నిమిషం 0, సెకను 0 అయితేనే గంటను 0 చేసి తేదీకి ఒక రోజు కలపండి. కలపడం డేట్ ఆబ్జెక్టులోనే చేయాలి, 20240229 కి ఒకటి కలిపితే 20240230 వస్తుంది. 240001 లాంటిది వస్తే తిప్పికొట్టండి, అది చెడిన డేటా.

235960 లీప్ సెకను (భూమి తిరిగే వేగంతో సరిపెట్టడానికి గడియారానికి కలిపే అదనపు సెకను) కావచ్చు. తేదీ 20161231 అయితే అది నిజంగా ఉన్న సెకనే. పైథాన్ డేట్‌టైమ్‌లో సెకను 59 దాటదు, 1970 సెకన్ల లెక్కలో కూడా దానికి వేరే చోటు లేదు. అసలు విలువను ఇంటీజర్ కాలమ్‌లో అలాగే ఉంచి, సెకన్ల కాలమ్‌కు మాత్రం 59 గా తగ్గించి మార్చండి. ఇంకే తేదీలోనైనా 60 కనిపిస్తే ముందు లీప్ సెకన్ల పట్టికతో సరిచూడండి, అందులో లేకపోతే లాగ్ రాసే ప్రోగ్రాములో రౌండింగ్ చూడండి. 59.7 ని 60 చేసి, నిమిషానికి మోయకుండా వదిలేస్తే ఇలాగే వస్తుంది.